చెయ్యి వదిలితే ఆగే బండి

నెహ్రూ నగర్, భిలాయి
12 జూలై 1996

చిరంజీవి చిట్టిబాబుకి, మీ బావ నరసింగరావు దీవించి రాస్తున్నది.

ఒంట్లో అందరికీ బాగుంది. బాగున్నది అంతవరకే. నాలుగు వానలు పడేసరికి మా ఫోను మూగబోయింది. లైన్‌మేన్ ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు కనుక ఈ ఉత్తరం.

తాతబ్బాయి పోయాడు. మీ ఊరివాడే అయినా ముప్ఫై ఏళ్ళ పైగా నా మనిషి. నేను స్టీల్ ప్లాంటు స్టోర్సులో చేరడానికి వస్తుంటే నాతోపాటు అదే రైలెక్కాడు. నేను రిటైరై, సెక్టర్ రెండులో క్వార్టరు ఖాళీ చేసి, ఇంటి వెనక ఈ గోడౌను పెట్టుకుంటే ట్రాలీ పట్టుకుని ఇక్కడికీ వచ్చాడు. కొలిముల్లో పేర్చే ఫైర్ బ్రిక్స్ పెట్టెలు లారీల్లో వస్తాయి కదా. యార్డులో దించి, ర్యాంపు మీదుగా లోపలికి తోస్తాం. స్థలం తక్కువ కాబట్టి ర్యాంపు కాస్త నిటారు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం నిండు ట్రాలీ పైకి తోస్తుండగా తాతబ్బాయి కాలు జారింది. వదిలేసి పక్కకి గెంతితే బతికేవాడు. కానీ కింద మన శ్యామసుందర్ ఉన్నాడు. వీపు ఇటు పెట్టి లారీవాడితో మాట్లాడుతున్నాడు. తాతబ్బాయి ఆ బరువుని ఒక్కడే అడ్డుకుని, మావాడు అరుపు విని తప్పుకునేదాకా పట్టుకున్నాడు. ఆ తరవాతే బండి అతని మీదకి వచ్చింది. నాకున్న ఒక్క కొడుకూ ఇవాళ అన్నం తింటున్నాడంటే తాతబ్బాయి వల్లే.

ఇప్పుడు సరుకు మోసే కలాసీలు ర్యాంపు ఎక్కరు. తాతబ్బాయిని కాకా అని పిలిచే శ్యామసుందర్ "కాకా పని నేను చేస్తా" అని ముందుకొస్తున్నాడు. వాడు ఆ వాలు మీద చేతి ట్రాలీ ముట్టుకోవడం నేను చూడలేను. మనిషి వెనక నడుస్తూ పట్టుకుంటే చాలు, బరువు తనే లాక్కుపోయే బండి ఒకటి కొందామనుకుంటున్నాను. అలాంటివాటిని బాగుచేసే షెడ్డులోనే నీ ఉద్యోగం కదా. ఏది మంచిదో వివరంగా రాయి.

ఇంకో మాట. నవ్వకు. సాయంత్రం ఖాళీ ట్రాలీని ర్యాంపు కింద వదులుతున్నాం. పొద్దున్నకి అది పైన ఉంటోంది. మొన్న మధ్యాహ్నం భోజనాలప్పుడూ అంతే అయింది. కిందకి జారిందంటే వాలు అనుకుంటాను. పైకి ఎలా ఎక్కిందో చెప్పు.

మా ఆవిడ, అదే మీ అప్ప, నీకు చెప్పమన్నది ఏమీ లేదు, నీ ఫొటో చూసి చిక్కిపోయావంది.

ఇట్లు మీ బావ,
నరసింగరావు

*

విశాఖపట్నం
22 జూలై 1996

బావగారికీ అప్పకీ నమస్కారాలు.

మీ ఉత్తరం షెడ్డులో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని చదివాను. డబ్బా మూత తియ్యలేదు. చిన్నప్పుడు తాతబ్బాయి నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీర్థానికి తీసుకెళ్ళేవాడు. అలాంటి మనిషి పోయిన కబురు మాకింత ఆలస్యంగా తెలిసిందేమిటని మా ఆవిడ కూడా బాధపడింది.

బండి సంగతి. మనిషి ఎక్కి కూర్చునే రకం మీకు పనికిరాదు. మీ అరల మధ్య సందులో మీరు పొట్ట లోపలికి లాక్కుని నడవడం నేను కళ్ళారా చూశాను, అందులో ఆ బండి తిరగదు. ఇంజను రకమూ వద్దు, మూసిన గోడౌన్లో ఆ పొగంతా పీల్చేది మీరే. బ్యాటరీతో నడిచేది, వెనక హేండిల్ పట్టుకుని మనిషి నడిచేది తీసుకోండి. దాన్ని నిండు బరువుతో మీ ర్యాంపే ఎక్కించి చూపించమనండి. చదునైన నేల మీద చూపిస్తామంటే చూడకండి, చదునులో ప్రతి బండీ పహిల్వానే. చక్రాలు నైలానువైతే వానకి జారతాయి, రబ్బరు తొడుగువి అడగండి. ఎక్కడం చూసి మురిసిపోకుండా దిగడం కూడా చూడండి. బ్రేకు బండారం బయటపడేది అక్కడే.

ట్రాలీ తనంతట తను పైకెక్కిందని రాశారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం కాను నేను. వానలకి నేల కుంగి ఉంటుంది. కంటికి ఎగువలా కనిపించేది దిగువ కావచ్చు. ర్యాంపు మధ్యలో ఒక చెంబుడు నీళ్ళు పొయ్యండి, ఎటు పోతాయో రాయండి.

మేనల్లుడిని అడిగానని చెప్పండి.

మీ
చిట్టిబాబు

*

నెహ్రూ నగర్, భిలాయి
2 ఆగస్టు 1996

చిట్టిబాబుకి,

నీళ్ళు పోశాను. కిందకే వచ్చి నా చెప్పులు తడిపాయి. ఈ వయసులో చెంబు పట్టుకుని ర్యాంపు మీద నిలబడ్డ నన్ను చూసి లారీవాళ్ళు నవ్వారు, నీ పుణ్యమే. నేల ఎక్కడా కుంగలేదు.

తరవాత జరిగింది రాస్తాను. నిన్న మధ్యాహ్నం పైనున్న ఖాళీ ట్రాలీని కిందకి తెమ్మని ఇద్దరు కలాసీలని బతిమాలి పంపాను. వాలులో దిగే బండికి ఒక వేలు చాలు. ఇది కదల్లేదు. ఇద్దరూ నడుం వంచి లాగారు. చక్రాలు తిరగాలని చూస్తున్నాయి, ఎవరో వెనక్కి పట్టి ఉంచినట్టు మళ్ళీ నిలబడుతున్నాయి. శ్యామసుందర్ కింద నిలబడి "జోర్ సే, జోర్ సే" అని వాళ్ళని ఎగదోస్తున్నాడు. ఇంతలో వాళ్ళమ్మ మజ్జిగకి పిలిస్తే లోపలికి వెళ్ళాడు. వాడు వెళ్ళాడో లేదో, బండి ఒక్కసారిగా వదులైంది. కలాసీలిద్దరూ వెల్లకిలా పడ్డారు. వాళ్ళలో పెద్దవాడు లేచి దుమ్ము కూడా దులుపుకోకుండా, "బాబూజీ, బుడ్ఢా ఛోడ్ నహీఁ రహా" అన్నాడు. ముసలాయన వదలడం లేదట. ఇద్దరూ అట్నుంచి అటే వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.

నేను దయ్యాలని నమ్మేవాడిని కాదు. ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, ఎన్ని చావులు చూశానో నీకు తెలుసు. కానీ ఆ చక్రాలు ఆగడం నేను చూశాను చిట్టిబాబూ.

రాయపూర్ నుంచి ఒకడు వచ్చి రెండు బ్యాటరీ బండ్ల బొమ్మలు చూపించాడు. ఒకదానికి కాలితో తొక్కే బ్రేకు ఉంది, మనిషి తొక్కితే ఆగుతుంది. గట్టిగా, మన అంబాసిడర్ కారు బ్రేకులా ఉంది, నాకు నచ్చింది. రెండోది సుకుమారంగా ఉంది. మొదటిది ఖాయం చెయ్యనా?

నరసింగరావు

*

విశాఖపట్నం
12 ఆగస్టు 1996

బావగారికి నమస్కారాలు.

మొదటిది వద్దు. ముమ్మాటికీ వద్దు. కాలితో తొక్కే బ్రేకు, కాలు అక్కడ ఉన్నప్పుడే పనిచేస్తుంది. జారిపడ్డవాడి కాలు ఎక్కడుంటుందో మీరే ఆలోచించండి. మీకు కావలసింది చెయ్యి వదిలితే ఆగే బండి. హేండిల్ కింద గట్టి స్ప్రింగు ఉంటుంది. మనిషి పట్టుకుని వంచినప్పుడు బండి నడుస్తుంది. చెయ్యి వదిలిన క్షణం హేండిల్ తనంతట తను లేచి నిటారుగా నిలబడాలి, బండి ఉన్నచోటే ఆగిపోవాలి. ర్యాంపు నడిమధ్యలో, నిండు బరువుతో, మీ కళ్ళముందు చెయ్యి వదిలి చూపించమనండి. అది చూపించనివాడికి టీ ఇచ్చి పంపెయ్యండి.

ఇంక రెండో సంగతి. మీకు కోపం వస్తుంది, అయినా రాస్తాను. చక్రానికి చిన్న మేకు అడ్డం పెడితే ఏ బండైనా కదలదు. శ్యామసుందర్‌కి కంప్యూటరు కోర్సు మీద మనసని అప్ప ఏడాదిగా రాస్తోంది, మీరేమో గోడౌనే చూసుకోమంటున్నారు. కలాసీలు బెదిరిపోతే గోడౌను మూతపడుతుంది. వాడు లోపలికి వెళ్ళగానే బండి వదులైందని మీ ఉత్తరంలోనే ఉంది. వాడిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. మెల్లగా అని ఎందుకంటున్నానంటే, మీ మెల్లగా ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అప్పకి కాళ్ళ నొప్పులు తగ్గాయా?

మీ
చిట్టిబాబు

*

నెహ్రూ నగర్, భిలాయి
25 ఆగస్టు 1996

చిట్టిబాబుకి,

అడిగాను. మెల్లగా అడగలేకపోయాను. అన్నం ముందు కూర్చున్నవాడిని పట్టుకుని, చచ్చిపోయినవాడి పేరుతో వేషాలేస్తావా అన్నాను. వాడు చెయ్యి కడిగేసుకున్నాడు. వాడికి తెలుగు తిన్నగా రాదు, కోపంలో అసలు రాదు. "కాకా నా కోసం సచ్చిపోయినాడు నాన్నా. ఆయనతో నేను మజాక్ సేస్తానా?" అన్నాడు. అంతే, ఆ తరవాత నాతో మాట లేదు. ఎవరితోనూ పెద్దగా లేదు. చెప్పింది చేస్తాడు, ఎదురు చెప్పడు. ఎదురు చెప్పే కొడుకే నయమని నాకిప్పుడు అనిపిస్తోంది.

మర్నాటినుంచి ట్రాలీ వాడే తోస్తున్నాడు. నేను అరిచాను, వాళ్ళమ్మ ఏడ్చింది, వినలేదు. వాడు ర్యాంపు ఎక్కుతున్నంతసేపూ నేను కింద నిలబడి రాముణ్ణి తలుచుకుంటున్నాను. అయితే చిట్టిబాబూ, ఇద్దరు కలాసీలు ఆపసోపాలు పడే బరువుని వాడు ఒక్కడూ ఎక్కించేస్తున్నాడు. వాడి ముఖాన చెమట కూడా పట్టడం లేదు. ఎలా రా అని వాళ్ళమ్మ అడిగితే, "మమ్మీ, తేలిగ్గా ఎల్లిపోతంది. పక్కన ఇంకెవలో తోస్తన్నట్టుంటది" అన్నాడట.

ఇటుకల పొడి ర్యాంపు పైభాగాన, వాన తగలని చోట, తెల్లగా పేరుకుంటుంది. నిన్న మీ అప్ప నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. అందులో శ్యామసుందర్ బూట్ల గుర్తులు ఉన్నాయి. వాటి పక్కనే వట్టి పాదాల గుర్తులు ఉన్నాయి. వెడల్పాటి పాదాలు, పైకే తిరిగి ఉన్నాయి, వేళ్ళు గట్టిగా తన్నిపట్టినట్టు లోతుగా దిగాయి. మా గోడౌన్లో చెప్పుల్లేకుండా తిరిగినవాడు ఒక్కడే. మీ అప్ప అక్కడ తుడవనివ్వడం లేదు. మధ్యాహ్నం మజ్జిగ పోసేటప్పుడు ఒక గ్లాసు ఎక్కువ పోస్తోంది.

నువ్వు చెప్పిన చెయ్యి వదిలితే ఆగే బండే ఖాయం చేశాను. రాయపూర్‌వాడు విశ్వకర్మ పూజలోపు తెస్తానన్నాడు. ఆ లోపు నా కొడుకుని దేవుడే కాపాడాలి.

నరసింగరావు

*

విశాఖపట్నం
4 సెప్టెంబర్ 1996

బావగారికి నమస్కారాలు.

శ్యామసుందర్ విషయంలో నేను తొందరపడ్డాను. మావయ్య సారీ అన్నాడని వాడికి చెప్పండి. వాడికే ఒక కార్డు విడిగా రాస్తున్నాను.

ఇప్పుడు నాకు వాడి గురించి కాదు, అప్ప గురించి భయం పట్టుకుంది. చనిపోయిన మనిషికి మజ్జిగ పోయడం, నేల తుడవనివ్వకపోవడం, ఇవేం లక్షణాలు? ఆ కలాసీలు వట్టి కాళ్ళతో ఎక్కి ఉండొచ్చు, దొంగ ఎక్కి ఉండొచ్చు. మీరు ఒప్పుకుంటున్న కొద్దీ ఆవిడ అందులో కూరుకుపోతుంది. చనిపోయింది కళ్ళముందు కాబట్టి మనసు చెదిరి ఉంటుంది. ఆసుపత్రిలో మనసుకి మందిచ్చే డాక్టరు ఉంటాడు, సిగ్గుపడకుండా ఒకసారి చూపించండి. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించకండి.

సరుకుల రద్దీ వల్ల నాకు దసరాదాకా సెలవు దొరకదు. లేకపోతే నేనే వచ్చేవాడిని.

మీ
చిట్టిబాబు

*

నెహ్రూ నగర్, భిలాయి
18 సెప్టెంబర్ 1996

చిట్టిబాబుకి,

ఆవిడకి వినిపించొద్దన్న ముక్కని ఆవిడే చదివింది. నీ ఉత్తరం పోస్ట్‌మేన్ ఆవిడ చేతికే ఇచ్చాడు, నేనేం చెయ్యను? "నాకు పిచ్చని రాయడానికి తీరుబడుంది గానీ ఒచ్చి సూడ్డానికి నేదేటి ఆడికి?" అంది. అప్పటినుంచి నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతోంది. బండి గురించి నువ్వు రాసినవన్నీ ఒక్కచోట పెట్టి శ్యామసుందర్‌కి చదివి వినిపిద్దామంటే, ఆ కాగితాలు నా ఇంట్లో చదవొద్దంది. నిజంగా కోపం వచ్చింది చిట్టిబాబూ ఆవిడకి. నువ్వే సర్దిచెప్పుకో.

మంచి మాట చెప్తాను. బండి వచ్చేసింది! పచ్చరంగు, రబ్బరు చక్రాలు, చప్పుడంటూ లేదు. ర్యాంపు నడిమధ్యలో నిండు బరువుతో వదిలి చూపించమన్నాను. రాయపూర్‌వాడు చెయ్యి తీశాడు, హేండిల్ టక్కున లేచింది, బండి ఉన్నచోటే మేకు కొట్టినట్టు ఆగింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ బండి మూడు నెలల ముందు కొని ఉంటే తాతబ్బాయి ఉండేవాడు.

నిన్న విశ్వకర్మ పూజ. సెక్టర్ నాలుగులో చవితి పందిట్లో పూజ చేస్తున్న పంతులుగారినే బతిమాలి తెచ్చుకున్నాం. బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేశాం. అంతా బాగానే ఉంది గానీ ఈ హేండిల్ ఉంది చూశావూ, పంతులుగారు హారతి ఇస్తుంటే కూడా నిటారుగా తలెత్తుకునే ఉంది. మీ అప్పకి అది బొత్తిగా నచ్చలేదు. "పనిముట్టన్నాక దేవుడి ముందు తల దించాలి. తలెత్తుకున్న యంతరం మనిషిని తినేత్తాది" అంది. ఎర్రగుడ్డలో కొబ్బరికాయ, పసుపుకొమ్ములు, ఒక ఇటుక ముక్క మూటగట్టి హేండిల్‌కి వేలాడదీసింది. అది చాలకపోతే ఎర్రదారం పేటలు పేటలుగా చుట్టి, హేండిల్‌ని కిందకి వంచి బిగించి కట్టింది. అప్పుడు చక్కగా వంగి దండం పెడుతున్నట్టు ఉంది. దసరాకి ఆయుధపూజ అయ్యేదాకా ఎవరూ విప్పకూడదని ఒట్టు వేయించింది. శ్యామసుందర్ "మమ్మీ, వో..." అని ఏదో అనబోయాడు. ఆవిడ వాడి తల మీద చెయ్యి పెట్టి, నీ కోసమేరా అంది. వాడు ఇంకేం అనలేదు. ఈమధ్య వాడు దేనికీ ఎదురు చెప్పడని రాశాను కదా.

ఇవాళ ఒకటే లోడు ఎక్కించాం. బండి చక్కగా నడిచింది. నా ప్రాణం కుదుటపడింది. రేపటినుంచి నేను కింద నిలబడి కాపలా కాయక్కర్లేదు.

మీ బావ
నరసింగరావు

*

విశాఖపట్నం
26 సెప్టెంబర్ 1996

బావగారూ,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. పోస్టాఫీసులోనే నిలబడి రాస్తున్నాను. దీనికంటే ముందు టెలిగ్రాం ఇచ్చాను. అది అందిన క్షణం ఆ మూట విప్పెయ్యండి. దారం కోసెయ్యండి. అప్ప ఏడ్చినా, తిట్టినా, నా మీద ఒట్టు వేసినా సరే.

హేండిల్ లేవడమే బ్రేకు! బ్రేకు వేరు, హేండిల్ వేరు కాదు. అది తలెత్తుకుంటేనే లోపల బ్రేకు పడుతుంది. వంచి కట్టేశారంటే ఆ బండికి ఇంక బ్రేకు లేదు. ర్యాంపు మీద శ్యామసుందర్ చెయ్యి తీసిన క్షణం నిండు బరువూ వాడి మీదకే వస్తుంది. పైగా చెయ్యి వదిలితే ఆగుతుందని వాడికి ధీమా. చేతి ట్రాలీ అయితే భయంతో పట్టుకునేవాడు, దీన్ని నిశ్చింతగా వదిలేస్తాడు. మీరు రాసిన ఆ లోడు కిందకి రాలేదంటే వాడు ఇంకా చెయ్యి తియ్యలేదన్నమాట, అంతే.

మీ ఫోనుకి చేశాను, మోగడం లేదు. పక్కవాళ్ళ నంబరేదీ నా దగ్గర లేదు. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా బయల్దేరదామంటే రైలు కంటే టెలిగ్రామే ముందు అందుతుంది కదా. ఈలోపు ఏం జరుగుతుందోనని భయంగా ఉంది.

అప్ప అన్నది నిజమే అయితే, ఆ తాతబ్బాయి అక్కడ ఉన్నమాటే నిజమైతే, వాడికే దండం పెడుతున్నాను. విప్పెయ్యండి బావగారూ.

చిట్టిబాబు

*

నెహ్రూ నగర్, భిలాయి
1 అక్టోబర్ 1996

చిట్టిబాబుకి,

నీ టెలిగ్రాం వానల్లో ఆలస్యమై నిన్న సోమవారం అందింది. ఉత్తరం ఇంకా రాలేదు. మూట విప్పేశాం. అందరం బతికే ఉన్నాం. ముందు ఆ మాట చదివి కూర్చో, తరవాత మిగతాది చదువు.

శనివారం మధ్యాహ్నం వాన తుంపర పడుతోంది. శ్యామసుందర్ నిండు బండితో ర్యాంపు ఎక్కుతున్నాడు. నేను గేటు దగ్గర ఉన్నాను. పైనున్న పెట్టెలోంచి ఒక ఇటుక జారి కిందకి దొర్లింది. వాడు ర్యాంపు మధ్యలో చెయ్యి తీసేసి, వెనక్కి తిరిగి, ఆ ఇటుక కోసం దిగాడు. వాడి వెనక బండి కదిలింది. చప్పుడు లేని బండని మురిశాను కదా, అలాగే చప్పుడు లేకుండా కదిలింది. నేను కేక వేశాను. వాడు తలెత్తి చూసి, తప్పుకోబోయి, తడినేల మీద జారి ర్యాంపు మొదట్లో వెల్లకిలా పడ్డాడు. లేవడానికి సమయం లేదు. నేను పరిగెత్తాను గానీ నా పరుగు ఎంతని! కొడుకు పోయాడనే అనుకున్నాను. ఆ క్షణం నేనేం అరిచానో నాకు తెలీదు, తాతబ్బాయీ అని అరిచానట.

బండి ఆగిపోయింది.

మెల్లగా ఆగలేదు, గుద్దుకుని ఆగలేదు. వాడి కాళ్ళకి జానెడు ఎగువన, ఆ వాలు మీద, అంత బరువుతో నిలబడిపోయింది. హేండిల్ వంగే ఉంది. దారం బిగుసుకునే ఉంది. మూట ఊగుతోంది. పెట్టెలు కిర్రుమంటున్నాయి. చక్రాలు కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఆడుతున్నాయి. బరువు పట్టుకున్నవాడి చేతులు వణికితే బండి ఎలా కదులుతుందో నీకు తెలుసు. ఇది అలాగే కదిలింది. దాని ముందు ఎవరూ లేరు.

వాడిని చంకల కింద పట్టుకుని ఇవతలికి లాగాను. అప్పుడు నా బుర్ర కొంచెం పనిచేసింది. రెండు ఫైర్ బ్రిక్స్ తెచ్చి రెండు చక్రాల కిందా దిగువన పెట్టాను. ఆ పెట్టడంలో తెలిసింది. ఇటుకలు వదులుగా ఉన్నాయి. చక్రం ఆనుకుని ఉంది గానీ వాటిమీద బరువు లేదు. కాలితో తడితే ఇటుక కదిలింది. అంత బరువూ ఇంకెక్కడో ఆగి ఉంది.

అప్పటికి మీ అప్ప మజ్జిగ పళ్ళెంతో వచ్చింది. బండినీ, వాడినీ, నన్నూ చూసింది. అరవలేదు. పళ్ళెం కింద పెట్టి వాడి భుజం పట్టుకుని, "ఒరే బావూ, నువ్వు తప్పుకున్నావని ఆడికి తెలీదురా. ఆ రోజూ తెలీదు. సెప్పు. నీ మాటయితే ఇంటాడు" అంది.

వాడు లేచాడు. రెండడుగులు ముందుకి వేశాడు, నేను ఆపలేదు. అప్పుడు వాడు, నెల పైగా నాతో మాట్లాడనివాడు, చిన్నపిల్లాడిలా గట్టిగా అన్నాడు: "కాకా, ఇధర్ సూడు. నేను ఇటొచ్చేసినాను. నాకేటీ అవలేదు. ఒగ్గెయ్యి కాకా."

ఏమీ జరగలేదు. వాన పడుతోంది. వాడు ఏడుస్తూ మళ్ళీ అన్నాడు. "ఒగ్గెయ్యి. ఇంక సాలు. బస్ హో గయా."

రెండు ఇటుకలూ ఒక్కసారే నలిగాయి. ఫటేల్మని నిలువునా చీలాయి. బండి బరువు మొత్తం వాటిమీదకి దిగి, అక్కడే నిలబడింది.

నువ్వు యంత్రాల మనిషివి. ఎందుకు ఆగిందో ఆలోచించి చెప్తావేమో, చెప్పు. వింటాను. కానీ చిట్టిబాబూ, ఆ రోజునుంచి ఖాళీ ట్రాలీని కింద వదిలితే కిందే ఉంటోంది. శ్యామసుందర్‌కి బరువు బరువుగానే తెలుస్తోందట. వాడు నాతో మాట్లాడుతున్నాడు, ఎదురు కూడా చెప్తున్నాడు. కంప్యూటరు కోర్సుకి వెళ్తానన్నాడు, వెళ్ళమన్నాను.

మీ అప్ప నిన్ను క్షమించినట్టే ఉంది, దసరాకి వస్తావా అని అడగమంది.

ఆ శనివారం మీ అప్ప పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. వాడూ అడగలేదు. మా కులం కాదు, మా గోత్రం కాదు, పోయి మూడు నెలలు దాటింది. ముగ్గురం పెరట్లో ఒకరి తరవాత ఒకరం తలమీదుగా నీళ్ళు పోసుకున్నాం.

మీ బావ
నరసింగరావు